ఎన్యూరిజం గోడలో నోటి బ్యాక్టీరియా: ఆనవాలు దొరికింది సరే, నేరం రుజువైందా?

మెదడు ధమని మీద ఉబ్బిన బుడిపెకు (దీన్నే ఎన్యూరిజం అంటారు) ఆపరేషన్ చేసేటప్పుడు సర్జన్ దాని మెడకు టైటానియం క్లిప్పు బిగిస్తారు. రక్తం అందక ముడుచుకున్న సంచి అక్కడే ఉండిపోతుంది, లేదా దానిలో కొంత ముక్క కోసి తీస్తారు. ఫిన్లండ్‌లోని టాంపెరె పరిశోధకులు అలా కోసిన ముక్కలను తీసుకుని, వాటిలో బ్యాక్టీరియా డీఎన్ఏ ఉందేమో వెతికారు. పగిలిన ఎన్యూరిజంల నుంచి 36 నమూనాలు: 29 ఆపరేషన్లలో తీసినవి, 7 శవపరీక్షల్లో తీసినవి. వాటిలో 21 నమూనాల్లో, అంటే 58 శాతంలో, నోటిలో ఉండే బ్యాక్టీరియా జాతుల డీఎన్ఏ కనిపించింది. అన్నిటికన్నా ఎక్కువగా దొరికింది స్ట్రెప్టోకాకస్ మైటిస్ గుంపు. పళ్ల మీది పాచిలోనూ బుగ్గల లోపలి పొర మీదా ఎవరి నోట్లోనైనా కాపురం ఉండేవే ఇవి. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి.

అప్పటి నుంచి "పళ్లు సరిగా తోమకపోతే మెదడులో నరం చిట్లుతుంది" అనే మాట రకరకాల రూపాల్లో తిరుగుతోంది. (చిట్లేది నరం కాదు, ధమని. వాడుకలో రెండింటికీ ఒకటే మాట స్థిరపడిపోయింది.) కానీ అదే టాంపెరె బృందం 2016లో ప్రచురించిన రెండో అధ్యయనం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అసలు చర్చ మొదలవ్వాల్సింది అక్కడే.

ఈసారి నమూనాలు 70. వాటిలో 42 పగిలినవి, 28 పగలకముందే ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేసినవి. బ్యాక్టీరియా డీఎన్ఏ పగిలిన వాటిలో 69 శాతంలో, పగలని వాటిలో 71 శాతంలో కనిపించింది. తేడా లేదు. బ్యాక్టీరియానే పగులుకు కారణమైతే పగిలినవాటిలో ఎక్కువగా, పగలనివాటిలో తక్కువగా కనిపించాలి కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న.

ఈ అంకెలను రెండు రకాలుగా చదవొచ్చు. మొదటిది: పగలడంతో బ్యాక్టీరియాకు సంబంధం లేదు, గోడ పాడైన చోటల్లా ఆ ఆనవాళ్లు ఉంటాయి. రెండోది: బ్యాక్టీరియా పాత్ర ముందే, బుడిపె ఏర్పడే దశలోనో గోడ బలహీనపడే దశలోనో మొదలవుతుంది, పగులు దాకా వెళ్లడం వేరే కారణాల మీద ఆధారపడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పగలని ఎన్యూరిజంలన్నిటికీ ఆపరేషన్ చేయరు. పెద్దవి, ఆకారం వంకరటింకరగా ఉన్నవి, పగిలే అవకాశం ఎక్కువని డాక్టర్లు భావించినవి మాత్రమే ఆపరేషన్ బల్ల దాకా వస్తాయి. కాబట్టి ఆ 28 నమూనాలు ప్రశాంతంగా పడి ఉండే మామూలు బుడిపెలకు ప్రతినిధులు కావు. పగలబోయే వాటికి దగ్గరి బంధువులు. పైగా నమూనాలు చాలా తక్కువ. 28లో 71 శాతం అన్నప్పుడు అసలు విలువ దానికి అటూ ఇటూ 17 పాయింట్ల దాకా ఉండొచ్చు. రెండు గుంపుల మధ్య ఓ మోస్తరు తేడా నిజంగా ఉన్నా ఇంత చిన్న అధ్యయనం దాన్ని పట్టుకోలేదు.

గోడ ఎలా చెడుతుంది

మెదడు ధమనులకు శరీరంలోని మిగతా ధమనులతో పోలిస్తే ఒక లోపం ఉంది. వాటి మధ్యపొర పలచన, బయటివైపు సాగే పొర దాదాపు ఉండదు. పైగా పుర్రె లోపల అవి ద్రవంలో తేలుతూ ఉంటాయి, చుట్టూ ఆనుకునే కండ ఏదీ లేదు. ధమని రెండుగా చీలే చోట రక్తప్రవాహం నేరుగా గోడను కొడుతుంది. విల్లిస్ వలయం అనే ధమనుల కూడలిలో ఇలాంటి చీలికలు వరుసగా ఉంటాయి కాబట్టే బుడిపెలు ఎక్కువగా అక్కడే పుడతాయి.

పెద్దవాళ్లలో దాదాపు 3 శాతం మందికి ఏదో ఒక పగలని ఎన్యూరిజం ఉంటుంది. అత్యధికులకు ఆ సంగతి జీవితాంతం తెలియదు. జపాన్‌లో 2012లో వెలువడిన పెద్ద పరిశీలనలో ఏడాదికి పగిలే సగటు 0.95 శాతం. పగిలితే మాత్రం పరిస్థితి తీవ్రం. మెదడు పొరల కింద రక్తం చిమ్మే ఈ సబ్‌ఆరాక్నాయిడ్ రక్తస్రావంలో మూడో వంతు మంది చనిపోతారు, కొందరు ఆసుపత్రికి చేరేలోపే. బతికినవారిలో చాలామందికి జ్ఞాపకం, ఏకాగ్రత దెబ్బతింటాయి.

బుడిపె గోడ సాగదీసిన రబ్బరు లాంటిది అనుకుంటే పొరపాటు. అది జీవమున్న కణజాలం, నిత్యం తరుగుతూ మరమ్మతు అవుతూ ఉంటుంది. 2004లో హెల్సింకి బృందం 66 గోడలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. పగిలిన వాటిలో లోపలి పొర కణాలు ఊడిపోయి, నునుపు కండర కణాలు చనిపోయి, లోపల రక్తపు గడ్డ అతుక్కుని, తెల్లరక్తకణాలు చొరబడి ఉన్నాయి. ముఖ్యంగా మాక్రోఫేజ్‌లు, అంటే బ్యాక్టీరియానూ శకలాలనూ మింగే కణాలు. ఇవి విడుదల చేసే ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 అనే ఎంజైములు గోడకు బలమిచ్చే కొలాజెన్‌నూ సాగే తంతువులనూ కొరికేస్తాయి. కొలాజెన్‌ను తిరిగి తయారు చేసేవి నునుపు కండర కణాలే. అవి కూడా తగ్గిపోతే తరుగుదల ముందుకు, మరమ్మతు వెనక్కు. రక్తపోటును గోడ మోయలేని స్థితి వచ్చినప్పుడు చిట్లుతుంది.

అంటే పగులు వెనక ఇన్‌ఫ్లమేషన్ (కణజాలంలో రగిలే మంట) ఉందన్న విషయంలో పెద్దగా వివాదం లేదు. దాన్ని రగిలించేది ఎవరు అన్నదే ప్రశ్న. రక్తప్రవాహపు ఒత్తిడి ఒక్కటే చాలా, లేక నోటి నుంచి వచ్చే నిప్పురవ్వ కూడా తోడవుతోందా?

నోటి నుంచి ధమని దాకా

నోటి బ్యాక్టీరియా రక్తంలోకి రావడం అరుదైన సంఘటన కాదు. అమెరికాలో 290 మందితో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో పళ్లు తోముకున్నాక 23 శాతం మంది రక్తంలో, గుండె కవాటాలకు సోకగల జాతుల బ్యాక్టీరియా కనిపించింది. యాంటీబయాటిక్ లేకుండా పన్ను పీకించుకున్నవారిలో 60 శాతం మందికి, ముందుగా అమాక్సిసిలిన్ తీసుకుని పీకించుకున్నవారిలో 33 శాతం మందికి అలా జరిగింది. ఆరోగ్యవంతుల్లో కాలేయం, ప్లీహం ఆ బ్యాక్టీరియాను కొద్ది నిమిషాల్లో ఏరేస్తాయి. అయితే పన్ను పీకించుకోవడం ఎప్పుడో ఒకసారి, తోముకోవడం రోజుకు రెండుసార్లు. చిగుళ్లు వాచి ఉన్నవారికి నమలడం కూడా ఒక ప్రవేశద్వారమే. ఏళ్ల తరబడి లెక్క వేస్తే చిగుళ్ల వ్యాధి ఉన్న నోరు రక్తంలోకి పంపే బ్యాక్టీరియా ముందు ఒక్క పన్ను పీకడం చాలా చిన్న విషయం.

చిగురుకూ పంటికీ మధ్య గాడి లోతు మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్లు. 4 లేదా అంతకు మించితే దాన్ని పాకెట్ అంటారు. లోపలి పొర పుండుపడి, అడుగున గాలి చొరని చోట ఆక్సిజన్ అక్కర్లేని జాతులు పెరుగుతాయి: పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్, ట్రెపోనెమా డెంటికోలా, ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియాటం వంటివి. నోటినిండా ఇలాంటి పాకెట్లు ఉన్నవారిలో పుండుపడిన ఉపరితలం అంతా కలిపితే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉండొచ్చని ఒక అంచనా. అరచేయంత పుండు అని అక్కడక్కడ రాసేది అతిశయోక్తి. అయితే అదే 10 చదరపు సెంటీమీటర్ల పుండు కాలి మీద ఉంటే ఎవరూ ఏళ్ల తరబడి వదిలేయరు.

రెండో ద్వారం పన్ను వేరు కొన. పిప్పి లోపలి గుజ్జు దాకా చేరి గుజ్జు చనిపోతే, వేరు కొన దగ్గర చీము పొట్లం కడుతుంది. అది నెలల తరబడి నొప్పి లేకుండా ఉండగలదు, ఎక్స్‌రేలో మాత్రం నల్లటి మచ్చగా కనిపిస్తుంది. టాంపెరె వారి 2013 అధ్యయనంలో ఇలాంటి వేరు కొన జాతుల డీఎన్ఏ 56 శాతం నమూనాల్లో, చిగుళ్ల వ్యాధి జాతులది 47 శాతంలో కనిపించడం గమనించదగ్గది. నోరు అనగానే అందరి చూపూ చిగుళ్ల మీదికే వెళుతుంది. నొప్పి లేని చచ్చిన పన్ను లెక్కలోకి రాదు.

రక్తంలోకి వచ్చాక ఏం చేయగలవు? గ్రామ్ నెగటివ్ అనే తరగతి బ్యాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థాన్ని ధమని లోపలి కణాలూ మాక్రోఫేజ్‌లూ టీఎల్ఆర్-4 గ్రాహకంతో గుర్తిస్తాయి. దాంతో కణంలో ఎన్ఎఫ్-కప్పా-బి అనే స్విచ్ పడుతుంది, మాక్రోఫేజ్‌లను పిలిచే సంకేతాలు వెలువడతాయి, వచ్చినవి ఎంఎంపీలను కక్కుతాయి. పైన చెప్పిన తరుగుదల ఇదే దారిలో నడుస్తుంది. జింజివాలిస్‌కు అదనంగా జింజిపైన్ అనే మాంసకృత్తులను కోసే ఎంజైములున్నాయి, ధమని లోపలి కణాల్లోకి చొరబడే శక్తీ ఉంది. ఇవన్నీ ప్రయోగశాలలో కణాల మీద చూసినవి. మనిషి మెదడు ధమనిలో ఇదే వరుసలో జరిగిందని ఎవరూ నేరుగా చూడలేదు.

బ్యాక్టీరియా అంత దూరం ప్రయాణించనక్కర్లేదు అనే వాదన కూడా ఉంది. చిగుళ్ల వ్యాధి ఉన్నవారి రక్తంలో సీ-రియాక్టివ్ ప్రోటీన్, ఇంటర్‌ల్యూకిన్-6 కొంచెం ఎక్కువగా ఉంటాయి. ఆ మంట సంకేతాలే మెదడు ధమనికి చేరి అప్పటికే బలహీనమైన గోడను మరింత చెరపొచ్చు. మూడో దారి పేగు. రోజుకు లీటరుకు పైగా ఉమ్మి మింగుతాం, దానితో నోటి జాతులు పేగుకు చేరతాయి. 2022లో జపాన్ పరిశోధకులు పగిలిన ఎన్యూరిజం ఉన్న 28 మంది, పగలని 33 మంది మల నమూనాలను పోల్చినప్పుడు పగిలినవారిలో క్యాంపిలోబ్యాక్టర్ యూరియోలిటికస్ ఎక్కువగా కనిపించింది. ఇది నోటిలోనూ ఉండే జాతి. అయితే ఆ నమూనాలు తీసింది పగిలిన తర్వాత. తిండి ఆగిపోయి, మందులు మొదలై, శరీరం అంతటి దెబ్బ తిన్నాక పేగులోని జీవులు మునుపటిలాగే ఉంటాయని అనుకోలేం.

ఎలుకల్లో చేసిన ఒక ప్రయోగం ఈ వాదనకు కొంత బలమిచ్చింది. మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి సాగే తంతువులను కరిగించే ఎలాస్టేజ్ అనే ఎంజైము ఎక్కించి, రక్తపోటు పెంచి ఎలుకల్లో ఎన్యూరిజంలు పుట్టిస్తారు. 2019లో ప్రచురించిన పరిశోధనలో, ముందుగా యాంటీబయాటిక్‌ల మిశ్రమంతో పేగు బ్యాక్టీరియాను తగ్గించిన ఎలుకల్లో బుడిపెలు తక్కువగా ఏర్పడ్డాయి, ధమని గోడలో మాక్రోఫేజ్‌లు కూడా తగ్గాయి. శరీరంలోని బ్యాక్టీరియాకూ మెదడు ధమనికీ మధ్య ఏదో తీగ ఉందని ఇది సూచిస్తుంది. ఆ తీగ నోటి దగ్గరే మొదలవుతుందని మాత్రం చెప్పదు.

పీసీఆర్ చెప్పేది, చెప్పనిది

పీసీఆర్ పరీక్ష డీఎన్ఏ ముక్కను వెతికి, ఒక్కో చక్రంలో రెట్టింపు చేస్తూ పోతుంది. 10 చక్రాలకు 1,024 రెట్లు, 30 చక్రాలకు వంద కోట్లు దాటుతుంది. అందుకే అది చాలా సున్నితమైనది, అందుకే చాలా తేలిగ్గా మోసపోతుంది కూడా. పరీక్షలో వాడే రసాయనాల్లో, గొట్టాల్లో, ల్యాబు గాలిలో ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏ కొద్దిపాటి నమూనాల్లో ఫలితాన్ని తారుమారు చేయగలదు. మైటిస్ గుంపు మనుషులందరి నోట్లో ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ భయం ఇంకా ఎక్కువ. దీనికి విరుగుడు: ఖాళీ గొట్టాన్ని కూడా అదే దారిలో నడిపించి చూడటం, అదే మనిషి నుంచి తీసిన ఆరోగ్యకరమైన ధమని ముక్కతో పోల్చడం, ఆపరేషన్ గదిలోనే నమూనాను శుభ్రమైన గొట్టంలో మూసేయడం.

కలుషితం కాదని తేలినా డీఎన్ఏ దొరకడమంటే బతికున్న బ్యాక్టీరియా దొరికినట్టు కాదు. మాక్రోఫేజ్ మరెక్కడో మింగిన బ్యాక్టీరియా శకలాలను కడుపులో పెట్టుకుని, పిలుపు అందుకుని ఎన్యూరిజం గోడకు వచ్చి ఉండొచ్చు. అలాగైతే డీఎన్ఏ ఆ మంటకు కారణం కాదు, మంట దగ్గరికి చేరినవాళ్ల కాళ్లకు అంటుకున్న దుమ్ము. పగిలిన నమూనాలకు రక్తపు గడ్డ అతుక్కుని ఉండటం మరో సమస్య: దొరికిన డీఎన్ఏ గోడదా, ఆ రక్తానిదా? గుండెపోటు వచ్చినవారి ధమనుల్లోంచి పీల్చి తీసిన రక్తపు గడ్డల్లో కూడా ఇదే టాంపెరె బృందం ఎక్కువమందిలో నోటి స్ట్రెప్టోకాకస్ డీఎన్ఏను చూసింది.

సిగరెట్టు అడ్డొచ్చే చోటు

ల్యాబు నుంచి జనంలోకి వస్తే, 2020లో ఫిన్లండ్‌లోని కుయోపియో బృందం వేరే దారి పట్టింది. ఎన్యూరిజం ఉన్నవారి పళ్లను పరీక్షించి, ఆ దేశపు జాతీయ ఆరోగ్య సర్వేలో దంతపరీక్ష జరిగినవారితో పోల్చింది. చిగుళ్ల వ్యాధి, చిగుళ్ల నుంచి రక్తం రెండూ ఎన్యూరిజం ఉన్నవారిలో ఎక్కువ. సర్వేలో పాల్గొన్నవారిని తర్వాత 13 ఏళ్లు గమనిస్తే, 6 మిల్లీమీటర్లు, అంతకు మించిన లోతున్న పాకెట్లు పలు పళ్లకు ఉన్నవారిలో సబ్‌ఆరాక్నాయిడ్ రక్తస్రావం ఎక్కువగా జరిగింది. పళ్ల పరీక్ష ముందు, రక్తస్రావం తర్వాత జరగడం ఈ అధ్యయనానికి ఉన్న బలం. రక్తస్రావాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ కావడంతో అంచనా చాలా విశాలంగా చెదిరిపోవడం బలహీనత. ఇలాంటి చోట "ఇన్ని రెట్లు" అన్న అంకెను విడిగా పట్టుకుని ప్రచారం చేయడం అన్యాయం.

ఇక పొగాకు. ఎన్యూరిజం పగలడానికి మార్చుకోదగిన కారణాల్లో పొగతాగడం, అధిక రక్తపోటు ముందు వరుసలో ఉంటాయి. చిగుళ్ల వ్యాధికీ పొగతాగడం ఒక పెద్ద కారణం. దంతవైద్యుల 2018 వర్గీకరణలో రోజుకు 10 లేదా అంతకన్నా ఎక్కువ సిగరెట్లు తాగితే వ్యాధి వేగంగా ముదిరే గ్రేడ్ సి లోకి చేరుస్తారు. ఒకే తాడు రెండింటినీ లాగుతుంటే అవి ఒకదాన్నొకటి లాగుతున్నట్టు కనిపిస్తాయి. లెక్కల్లో సర్దుబాటు చేశామని ప్రతి అధ్యయనమూ అంటుంది. కానీ "పొగతాగుతారా, అవునా కాదా" అనే ఒక్క ప్రశ్నతో ముప్పై ఏళ్ల అలవాటును కొలవలేం.

ఇంకో మెలిక ఉంది. నికోటిన్ చిగుళ్ల రక్తనాళాలను కుదించడంతో పొగతాగేవారి చిగుళ్లు వ్యాధి ముదిరినా తక్కువగా రక్తం కారుస్తాయి. కాబట్టి చిగుళ్ల రక్తస్రావాన్ని కొలబద్దగా తీసుకున్న అధ్యయనంలో పొగాకు సంబంధాన్ని పెంచి చూపించకపోగా కొంత మరుగుపరచి ఉండొచ్చు. మధుమేహం సంగతి మరీ విచిత్రం. అది చిగుళ్ల వ్యాధిని బాగా పెంచుతుంది. ఎన్యూరిజం పగలడంతో మాత్రం దానికి ఉన్న సంబంధం తలకిందులుగా కనిపిస్తుంది, మధుమేహం ఉన్నవారిలో సబ్‌ఆరాక్నాయిడ్ రక్తస్రావం తక్కువ. చిగుళ్ల మంట ఒక్కటే పగులును నడిపిస్తే ఈ తలకిందుల సంబంధాన్ని వివరించడం కష్టం. నోటి సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మేవారు ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి.

జన్యువుల ఆధారంగా చేసే విశ్లేషణ ఇలాంటి చిక్కుల్ని కొంత విప్పుతుంది. 2020లో 10,754 మంది రోగులతో వచ్చిన జన్యు అధ్యయనం 17 జన్యుస్థానాలను గుర్తించి, పొగతాగడం, రక్తపోటు రెండూ ఎన్యూరిజంకు నిజంగానే కారణాలన్న వాదనను బలపరిచింది. చిగుళ్ల వ్యాధి విషయంలో ఇదే పద్ధతి వాడాలంటే ఆ వ్యాధిని గట్టిగా సూచించే జన్యుగుర్తులు కావాలి. అవి చాలా తక్కువ.

కలగాపులగం చేయకూడని రెండు విషయాలు

బ్యాక్టీరియా నేరుగా ధమని గోడను తినేసి ఎన్యూరిజం కట్టే జబ్బు ఒకటి నిజంగానే ఉంది. 1885లో విలియం ఆస్లర్ దానికి మైకోటిక్ అని పేరు పెట్టారు. పేరు వింటే ఫంగస్ అనిపిస్తుంది గానీ చాలావరకు బ్యాక్టీరియా పనే. గుండె కవాటాలకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పుడు అక్కడి నుంచి తెగిన ముక్కలు మెదడు ధమనుల చివరి కొమ్మల్లో ఇరుక్కుని గోడను కుళ్లబెడతాయి. దానికి వారాల తరబడి సిరలోకి యాంటీబయాటిక్ ఇవ్వాలి, అవసరమైతే ఆపరేషన్ చేయాలి. మనం మాట్లాడుకుంటున్న మామూలు బుడిపె ధమని మొదట్లో, చీలిక దగ్గర పుడుతుంది, జ్వరం ఉండదు, రక్తపరీక్షలో బ్యాక్టీరియా పెరగదు. రెండూ వేరు. మొదటిదానికి పనిచేసే యాంటీబయాటిక్ రెండోదానికి పనిచేస్తుందని ఏ ఆధారమూ లేదు.

రెండోది, జపాన్ నుంచి వచ్చే స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వార్తలు. పిప్పిపళ్లకు పేరుమోసిన ఈ బ్యాక్టీరియాలో కొన్ని రకాలకు కొలాజెన్‌ను పట్టుకునే సీఎన్ఎం అనే ప్రోటీన్ ఉంటుంది. 2011లో ఎలుకల్లోనూ, తర్వాత రోగుల్లోనూ దీన్ని మెదడు రక్తస్రావంతో ముడిపెట్టారు. కానీ అది ఎక్కువగా మెదడు కణజాలం లోపలి సన్న నాళాలు చిట్లే రక్తస్రావం, బుడిపె పగలడం కాదు. శీర్షికలు రెండింటినీ "మెదడు రక్తస్రావం" అని ఒకే గాటన కట్టేస్తాయి.

తేల్చే పరీక్ష ఎందుకు జరగలేదు

చిగుళ్లకు చికిత్స చేస్తే పగుళ్లు తగ్గుతాయా అని నేరుగా పరీక్షించొచ్చు కదా? లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 1 శాతం చొప్పున ఐదేళ్లలో 5 శాతం పగులుతాయనుకుందాం. చికిత్స దాన్ని 3.5 శాతానికి తగ్గిస్తుందని, అంటే 30 శాతం తగ్గిస్తుందని ఆశిద్దాం. ఆ తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు పట్టుకోగలగాలంటే ఒక్కో గుంపులో దాదాపు 2,800 మంది, రెండు గుంపుల్లో 5,600 మంది ఐదేళ్లపాటు ఉండాలి. మధ్యలో బుడిపె పెరిగినవారికి ఆపరేషన్ చేసేస్తారు, వారు లెక్క నుంచి తప్పుకుంటారు. రెండో గుంపువారి చిగుళ్లకు ఐదేళ్లు చికిత్స చేయకుండా ఉంచడం నైతికంగా కుదరదు. కాబట్టి పగులు బదులు బుడిపె పెరగడాన్నో, ఎంఆర్ఐలో రంగుమందు ఎక్కించినప్పుడు గోడ మెరవడాన్నో కొలబద్దగా తీసుకోవడమే ఆచరణలో మిగిలిన దారి.

మామూలు స్ట్రోక్ విషయంలో ఒక పరీక్ష జరిగింది. స్ట్రోక్ లేదా తాత్కాలిక స్ట్రోక్ వచ్చి, చిగుళ్ల వ్యాధి కూడా ఉన్న 280 మందిలో ముమ్మర చిగుళ్ల చికిత్సకూ మామూలు చికిత్సకూ మధ్య గణాంకపరంగా తేడా తేలలేదు. అది గడ్డ కట్టే జబ్బు, ఎన్యూరిజం కాదు. అయినా నోరు శుభ్రం చేస్తే నాళాలు బాగుపడతాయన్న ఆశను ఎంత ఆచితూచి పెట్టుకోవాలో చెబుతుంది. దీనికి మరో వైపు కూడా ఉంది: 2007లో 120 మందితో చేసిన పరీక్షలో ముమ్మర చికిత్స జరిగిన మరుసటి రోజు ధమనుల సడలింపు గుణం తగ్గింది, ఆరు నెలలకు మాత్రం మామూలు చికిత్స పొందినవారికన్నా మెరుగైంది.

బుడిపె ఉందని తెలిసినవారు పళ్ల డాక్టరు దగ్గర

సిగరెట్టు మానడం, రక్తపోటు అదుపులో ఉంచడం ముందు. ఆ తర్వాతే నోరు. నోటిని పట్టించుకోవడానికి ఎన్యూరిజం సాకు అక్కర్లేదు, చిగుళ్ల వ్యాధి పళ్లను ఊడగొడుతుందన్న ఒక్క కారణం చాలు.

తోమేటప్పుడు రక్తం వస్తే ఆ చోటును వదిలేయడం చాలామంది చేసే తప్పు. పాచి అక్కడే పేరుకుని వాపు ముదురుతుంది. మెత్తటి బ్రష్‌తో చిగురు అంచున రోజుకు రెండుసార్లు, పళ్ల సందుల్లో సరిపడే సైజు సందు బ్రష్‌తో ఒకసారి శుభ్రం చేస్తే మామూలు చిగుళ్ల వాపు ఒకటి రెండు వారాల్లో తగ్గాలి. తగ్గకపోతే లోపల గార గట్టిపడిందని అర్థం, అది బ్రష్‌తో రాదు. డాక్టరు ఒక్కో పన్ను చుట్టూ ఆరు చోట్ల లోతు కొలిచి, 4 మిల్లీమీటర్లు, అంతకు మించిన చోట్ల చిగురు కింద వేరు దాకా శుభ్రం చేస్తారు. 8 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ కొలవాలి. ఈ రెండో కొలత మానేస్తే చికిత్స పనిచేసిందో లేదో తెలియదు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి శుభ్రత. స్కేలింగ్ చేస్తే, అంటే గార తీయిస్తే, పళ్లు కదులుతాయన్న భయం నిజానికి తిరగేసిన మాట: పళ్లను అప్పటిదాకా బిగపట్టి ఉంచింది గార, లోపలి ఎముక ఎప్పుడో కరిగిపోయింది. క్లోరోహెక్సిడిన్ పుక్కిలింత రెండు వారాలు మించితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, అది శుభ్రతకు ప్రత్యామ్నాయం కాదు. నొప్పి లేని చచ్చిన పన్ను ఉందేమో తెలియడానికి వేరు కొన కనిపించే ఎక్స్‌రే కావాలి.

ఎన్యూరిజం ఉందన్న ఒక్క కారణంతో పళ్ల పనికి ముందు యాంటీబయాటిక్ మింగనక్కర్లేదు. ఆ జాగ్రత్త కృత్రిమ గుండె కవాటాలు, గతంలో కవాటాలకు ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, కొన్ని పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు ఉన్నవారి కోసం. యాంటీబయాటిక్ వాడాల్సి వచ్చినప్పుడు కూడా సిప్రోఫ్లోక్సాసిన్ తరగతి మందుల గురించి డాక్టరును అడగడం మంచిది. వాటి వల్ల బృహద్ధమని ఎన్యూరిజం చీలే ముప్పు పెరగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. ఆ హెచ్చరిక మెదడు ధమనుల గురించి కాదు, అయినా వేరే మందు పనిచేసే చోట దాన్ని ఎంచుకోవడానికి కారణం లేదు.

కుర్చీలో కూర్చోగానే రక్తపోటు చూడాలి. 180/110 దాటితే అత్యవసరం కాని పనిని వాయిదా వేస్తారు. మత్తు ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటుందని భయపడి అది లేకుండా పని చేయించుకోవడం తెలివైన పని కాదు. మత్తు సరిగా ఎక్కక నొప్పి పుడితే శరీరం తనే విడుదల చేసే అడ్రినలిన్ ఎక్కువ. 1.8 మిల్లీలీటర్ల గొట్టంలో లక్షకు ఒకటి గాఢతలో ఉండేది 18 మైక్రోగ్రాములు. గుండెజబ్బు ఉన్నవారికి పెట్టుకునే 40 మైక్రోగ్రాముల హద్దు అంటే రెండు గొట్టాలు. సూది గుచ్చాక సిరంజి పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగి, రక్తం రాలేదని చూసుకుని నెమ్మదిగా ఎక్కించాలి.

బుడిపె ఉన్న ధమని లోపల స్టెంటు లేదా ఫ్లో డైవర్టర్ అనే జాలీ గొట్టం పెట్టించుకున్నవారు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మందు నెలల తరబడి వాడతారు. పన్ను పీకించుకోవడానికని వాటిని సొంతంగా ఆపితే స్టెంటులో గడ్డ కట్టి స్ట్రోక్ రావచ్చు. పంటి గుంటలో కారే రక్తాన్ని కుట్టుతో, దూదితో అదిమిపట్టి ఆపగలం. ముందే తేదీ ఖాయమైన స్టెంటు అయితే పీకాల్సిన పళ్లు, చీము పట్టిన వేళ్లు, లోతైన పాకెట్ల పని ఆ మందులు మొదలుకాకముందే ముగించడం మేలు. పంటి గుంటను చిగురు మూడు నాలుగు వారాల్లో కప్పేస్తుంది, కాబట్టి ఆ వ్యవధి మిగిలేలా దంతవైద్యుడి తేదీని న్యూరోసర్జన్ తేదీకి ముందు పెట్టుకోవాలి.